తొలగించు అనే మీట

నాన్నగారి బీరువాలోని పుస్తకాలకు ఒక జాబితా ఉండాలన్న కోరికతో జాంగోలో చిన్న అప్లికేషన్ మొదలుపెట్టాను. రచయిత, పుస్తకం, విషయం, వ్యాఖ్య అని నాలుగు మోడళ్ళు. చూపు మసకబారిన తరువాత ఆయన ఒక్కొక్క పుస్తకాన్నీ చేత్తో తడుముతూ, అది ఎక్కడ కొన్నదీ, ఎవరు చదవమన్నదీ చెబుతుంటే నేను టైపు చేసుకున్నవే ఆ వ్యాఖ్యలు.

నాలుగు మోడళ్ళకూ నాలుగు తొలగింపు వ్యూలు రాయడం దండగనిపించి ఒక్కటే రాశాను. చిరునామాలో రకం పేరూ, వరుస సంఖ్యా వస్తాయి. వ్యూ ఒక డిక్షనరీ చూసి అది ఏ మోడలో తేల్చుకుని, ఆ వస్తువును వెతికి తీసేస్తుంది. పది పంక్తులలో పని ముగిసిందని మురిసిపోయాను.

ఒక రాత్రి చూద్దును కదా, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పేరు రెండుసార్లు నమోదై ఉంది. ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి. అదనంగా ఉన్నదాన్ని తొలగించాను. పేరుతోపాటు దాని కిందనున్న పుస్తకాలూ, వాటి కిందనున్న వ్యాఖ్యలూ మాయమయ్యాయి. పాత బ్యాకప్ నుంచి పుస్తకాల పేర్లు తిరిగి వచ్చాయి కాని, దాని తరువాత నాన్నగారు చెప్పిన మాటలు రాలేదు.

తప్పు జాంగోది కాదు. 2017 డిసెంబరులో వచ్చిన 2.0 నుంచి, ఫారిన్ కీ రాసిన ప్రతిచోటా ఆన్ డిలీట్ ఏమిటో మనచేతనే చెప్పిస్తుంది. నేను ఆలోచించకుండా అన్నిచోట్లా కాస్కేడ్ అని రాశాను. దాని సొంత అడ్మిన్‌లో తొలగించి ఉంటే, వెంట ఏమేమి పోతాయో ముందే జాబితా చూపించి ఉండేది. నా పది పంక్తులకు ఆ మర్యాద తెలియదు.

క్రియ ఒకటే అయినా అర్థాలు వేరు. విషయాన్ని తీసేస్తే పుస్తకంతో దాని ముడి మాత్రమే తెగుతుంది. మెనీ టు మెనీ బంధం అటువంటిది. పుస్తకం పోతే దాని వ్యాఖ్యలు వెంటపోవడం న్యాయమే. రచయిత మాత్రం, తన పేరిట ఒక్క పుస్తకం ఉన్నా కదలకూడదు. అందుకని అక్కడ ప్రొటెక్ట్ అని మార్చాను. వ్యూ ఇప్పటికీ ఒక్కటే. అయితే గెట్ వస్తే ఏమి పోతాయో చూపి ఊరుకుంటుంది, పోస్ట్ వస్తేనే తొలగిస్తుంది. ప్రొటెక్టెడ్ ఎర్రర్ ఎదురైతే ఆ పుస్తకాలను ముందు వేరే పేరు కిందికి మార్చమంటుంది.

జరిగినది నాన్నగారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన నవ్వి, "పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి కదురా, తీసుకురా, మళ్ళీ చెబుతాను" అన్నారు. చెప్పారు. కాని ఈసారి చెప్పినవి వేరే సంగతులు. మొదట చెప్పినవి ఏమిటో ఆయనకూ గుర్తులేదు, నాకూ లేదు.