పులికాట్ గట్టున మా వంతు



పోయిన నెలలో మూడు రోజులు మేము ఊళ్ళో కనబడకపోయేసరికి చాలామంది ఫోన్లు చేశారు. ఒంట్లో బాగాలేక నెల్లూరు ఆసుపత్రిలో చేరామేమోనని ఇద్దరు ముగ్గురు ఉపవాస ప్రార్థన కూడా పెట్టుకున్నారట. మీ ప్రేమకు స్తోత్రం. కానీ మేము ఆసుపత్రికి పోలేదు. పులికాట్ సరస్సు చూడ్డానికి పోయాం.

33 ఏళ్ళ పరిచర్యలో మేమిద్దరం కలిసి ప్రయాణాలు చేయలేదని కాదు. కన్వెన్షన్లకు పోయాం, పెళ్ళిళ్ళకు పోయాం, భూస్థాపనలకు లెక్కలేనన్ని సార్లు పోయాం. ఊరికే చూసి రావడానికని ఇల్లు కదలడం మాత్రం ఇదే మొదలు. ఇందులో మమ్మల్ని మేము మీరు పిలిచే పేర్లతోనే రాసుకుంటాం, అయ్యగారు, అమ్మగారు అని. రాసేది ఒకరు, పక్కన కూర్చుని దిద్దేది ఇంకొకరు. అమ్మగారు ఒప్పుకోని వాక్యం ఇందులో ఒక్కటీ లేదు.

మా పెళ్ళైన కొత్తలో సూళ్ళూరుపేట నుంచి వచ్చిన ఒక టీచరమ్మ మా ఇంట్లో భోంచేస్తూ రాజహంసల సంగతి చెప్పింది. పేపర్లలో ఫ్లెమింగోలని రాస్తారే, అవి. వానలు పడ్డాక వేల సంఖ్యలో పులికాట్‌కు వస్తాయనీ, దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద గులాబీరంగు చీర ఆరేసినట్టు ఉంటుందనీ చెప్పింది. అమ్మగారు ఆ రాత్రే అడిగారు, ఒకసారి చూపిస్తారా అని. "సంక్రాంతికి పోదాం" అన్నారు అయ్యగారు.

మొదటి సంక్రాంతికి సంఘపెద్ద తల్లి ప్రభువునందు నిద్రించింది. రెండో సంక్రాంతికి మందిరం స్లాబు పని. ఆ తర్వాత పిల్లల పరీక్షలు, ఎవరిదో నిశ్చితార్థం, పల్లెలో గొడవ, తుపాను. క్రిస్మస్, కొత్త సంవత్సరం కూటాలయ్యాక ఒళ్ళు హూనమయ్యేది. ఆ అలుపు తీరేలోగా శ్రమల దినాలు వచ్చేవి. ఎండలు ముదిరేసరికి పక్షులు వెళ్ళిపోయేవి. ప్రతి కారణమూ న్యాయమైనదే. ఒక్కదానికీ అబద్ధం చెప్పాల్సిన పని రాలేదు. అందుకేనేమో అన్నేళ్ళూ మాకు అది తప్పుగా తోచలేదు.

పోయిన డిసెంబరులో రిటైరయ్యాం. జనవరి నెలంతా పాస్టరు గారింటి తాళాలు అప్పజెప్పి సామాను సర్దడంతో సరిపోయింది. ఫిబ్రవరిలో అమ్మగారి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పారు. మే నెల వచ్చేసరికి చూపు బాగా తేటపడింది. "ఇప్పుడు పోదాం" అన్నారు అమ్మగారు. "ఇప్పుడు పక్షులుండవేమో" అన్నారు అయ్యగారు. "ఉండకపోనీ" అన్నారు అమ్మగారు. ఆ మాటలో ఉన్న బరువు ఆ రోజు మాకు సరిగా అర్థం కాలేదు.

నెల్లూరులో పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి దొరవారిసత్రంలో దిగాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పటి నుంచి ఈ సూళ్ళూరుపేట పక్కంతా తిరుపతి జిల్లా కిందికి పోయింది గానీ, మాట యాసా పులుసు రుచీ ఇంకా నెల్లూరువే. అక్కడి నుంచి ఆటోలో నేలపట్టు పోయాం. ఈ పక్షుల కేంద్రం 1976లో ఏర్పడింది, విస్తీర్ణం 458 హెక్టార్ల పైచిలుకు. చెరువులో నీళ్ళ మధ్యే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువులాంటివని ఆ ఊరి రైతులు వాటిని ఎన్నో ఏళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నారు.

మేము పోయినప్పుడు చెరువులో నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. చెట్ల మీద పాత గూళ్ళు మాత్రం చీపురు కట్టల్లా మిగిలాయి. కావలి అతను మమ్మల్ని చూసి, "ఇప్పుడొచ్చారేందమ్మా? సంక్రాంతికి రాబళ్ళా?" అన్నాడు.

"రమ్మనే చెప్పాను నాయనా, 33 ఏళ్ళ నుంచీ" అన్నారు అమ్మగారు.

అతను నవ్వాడు. మేమూ నవ్వాం. అయ్యగారి నవ్వు కాస్త ముందే ఆగిపోయింది.

ఆ రాత్రి సూళ్ళూరుపేటలో లాడ్జిలో ఉండి, తెల్లవారగానే శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దాకా ఆటో మాట్లాడుకున్నాం. చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవుంటుంది. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలాగా అడ్డంగా ఉంటుంది. మన పెద్ద రాకెట్లు లేచేది అక్కడి నుంచే. రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. వానాకాలంలో రెండు పక్కలా నీళ్ళే. మేము పోయిన రోజు రెండు పక్కలా నేలే. పగుళ్ళిచ్చిన నల్లటి బురద, దాని మీద ఉప్పు పొర. కనుచూపు మేరంతా సున్నం చల్లినట్టు తెల్లగా మెరుస్తోంది. ఒక పడవ నేల మీద పక్కకు ఒరిగి ఉంది.

ఆటో అబ్బాయి చెప్పాడు. కాళంగి, ఆరణి లాంటి ఏర్లు తెచ్చే మంచినీళ్ళు ఒక పక్క, సముద్రపు పోటు ఇంకో పక్క, రెండూ కలిస్తేనే ఈ సరస్సు బతుకుతుంది. వాకాడు వైపు రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుక మేటలేసి పూడిపోయింది. ఆ ఇసుక తీయించమని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. లోతు ఎక్కడా పెద్దగా లేని సరస్సు కాబట్టి, ఎండాకాలం వచ్చేసరికి ఈ ఉత్తరపు కొస ఇట్టా ఎండిపోతుంది.

అమ్మగారు చెప్పులు విప్పి ఆ ఉప్పు మీద కొంచెం దూరం నడిచారు. తిరిగొచ్చి, కోపం లేకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టుగా ఇలా అన్నారు: "మీరు అందరికీ టైమిచ్చారు. నాకు మిగిలింది ఇచ్చారు. మిగిలింది ఇదే."

సంఘానికి సాక్ష్యంగా చెప్పాల్సినది గనుక రాస్తున్నాం. ఆ మాటకు అయ్యగారి దగ్గర జవాబు లేదు. ఎన్నో పెళ్ళిళ్ళు జరిపించిన మనిషి, ప్రతి పెండ్లికుమారుడికీ భార్యను ప్రేమించమని పీఠం మీద నుంచి బోధించిన మనిషి, ఆ ఎండలో తల వంచుకుని నిలబడ్డారు. లాడ్జికి వచ్చాక కూడా చాలాసేపు మేము మాట్లాడుకోలేదు. ఆ రాత్రి ప్రార్థన ఎవరికి వారే మనసులో చేసుకున్నాం. కలిసి చేయడానికి మాకు నోరు రాలేదు.

మూడో రోజు తిరిగొచ్చేద్దామనుకున్నాం. అయ్యగారే, "సరస్సుకు ఇంకో కొస ఉంది, నీళ్ళున్న కొస. అది కూడా చూసి పోదాం" అన్నారు. సూళ్ళూరుపేట నుంచి మద్రాసు లోకల్ రైలెక్కి పొన్నేరిలో దిగి, బస్సులో పలవేర్కాడు చేరాం. తమిళనాడులో ఉన్న ఈ ఊరి పేరు మీదే సరస్సుకు పులికాట్ అనే పేరు వచ్చింది. డచ్చివాళ్ళు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. కోట దాదాపు కనబడకుండా పోయింది, వాళ్ళ సమాధుల తోట మాత్రం నిలిచి ఉంది. దాని వాకిట్లో రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు చెక్కి ఉన్నాయి. అంత దూరం నుంచి వ్యాపారానికి వచ్చి, తిరిగి ఇంటికి పోని మనుషులు వాళ్ళంతా. అమ్మగారు ఒక్కో రాతి మీదా చెయ్యి పెట్టి చూశారు. కొన్నింటి మీద ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి.

అక్కడ సరస్సు నిండుగా ఉంది, సముద్రపు నోరు తెరిచే ఉంది. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా తెలుగు విని పలకరించాడు. ఆయన భార్యది తడ పక్క పల్లె అట. "ఇయ్యాళ వేటకు పోలేదా పెద్దాయనా?" అని అడిగితే, "ఇయ్యాళ నాకు పాడు లేదయ్యా" అన్నాడు.

పాడు అంటే మనకు చెడిపోవడం, లేకపోతే కీర్తన పాడడం. వాళ్ళకు పాడు అంటే వంతు. సరస్సులో రొయ్యలు బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. అందరూ ఒకేసారి అక్కడ వలలు నాటితే గొడవ, బలమున్నవాడిదే రొయ్య. అందుకని పెద్దల కాలం నుంచీ చీట్లు వేసుకుని, ఏ రోజు ఏ తావు ఎవరిదో పంచుకుంటారు. వంతు వచ్చినవాడు ఎంత పేదవాడైనా ఆ రోజు ఆ తావు అతనిదే. వంతు లేనివాడు ఎంత పెద్దవాడైనా వల తీసి గట్టు మీద కూర్చుంటాడు. ఇందులో లోటు లేకపోలేదు. చీటీలో పేరు లేని కులాలవాళ్ళకూ, కొత్తగా వేటకు దిగినవాళ్ళకూ ఆ తావులు దొరకవు. దాని మీద తగాదాలు కూడా ఉన్నాయని ఆయనే చెప్పాడు.

"మరి ఇంట్లో ఎవరికైనా బాగాలేక ఆ రోజు పోలేకపోతే?" అని అడిగాం.

"వంతు పోయినట్టేనయ్యా. సరస్సు నీ కోసం ఆగదు గదా. మళ్ళా వంతు వచ్చిందాకా చూడాల్సిందే. కానీ మళ్ళా వస్తాది. అది మాత్రం వస్తాది" అన్నాడు.

తిరుగు బస్సులో మేము మాట్లాడుకున్నాం. మార్కు సువార్త ఆరో అధ్యాయం మీకు తెలుసు. జనం రాకపోకలతో అన్నం తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువు పిలిచి, పడవెక్కించి, విశ్రాంతి కోసం ఏకాంత స్థలానికి తీసుకుపోయాడు. అది కూడా ఒక సరస్సే. ఈలోగా జనం కాలినడకన ముందే అక్కడికి చేరారు, ప్రభువు వాళ్ళను చూసి కనికరపడి బోధించాడు. అయ్యగారు ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించారో లెక్క లేదు. ప్రతిసారీ రెండో సగమే. జనం వస్తే కాపరి లేవాలి, అలుపు చూసుకోకూడదు అని. ప్రభువే ముందుగా విశ్రాంతికి రమ్మని పిలిచాడన్న మొదటి సగాన్ని మేము ఎన్నడూ సంఘానికి చెప్పలేదు, ఇంట్లోనూ పాటించలేదు. మా ఇంటి పాడు చీటీలో పల్లె అందరి పేర్లూ ఉన్నాయి. అమ్మగారి పేరు ఒక్కటే లేదు.

"నా పేరు రాయమని నేనూ గట్టిగా అడగలేదు. అడిగితే పాపమేమో అనుకున్నా" అన్నారు అమ్మగారు. ఈ వాక్యం ఆమే రాయించారు.

సంఘం మీద మేము నేరం మోపడం లేదు. మీరు పిలిచిన ప్రతిసారీ రావడం మాకు ధన్యతే. అర్ధరాత్రి మీ గడపలో చేసిన ప్రార్థనల్లో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోం. కానీ ఇసుక మేట ఒక్క రాత్రిలో పడదు. ఒక్కో అల ఒక్కో పిడికెడు తెచ్చి పోస్తుంది, ఏ అలనూ తప్పు పట్టలేం. పూడిక తీసే పని మాత్రం ఎవరో ఒకరు ఏడాదికేడాది చేసుకోవాలి. మేము చేయలేదు.

అందుకని మీకు రెండు మనవులు. ఒకటి, ఇప్పుడు మన మందిరానికి వచ్చిన కొత్త పాస్టరు గారు చిన్నవాడు, పెళ్ళై రెండేళ్ళే అయింది. వారంలో ఒక రోజు, అది ఏ రోజో వాళ్ళిద్దరూ చెబుతారు, ఆ రోజు చావు కబురైతే తప్ప ఫోన్ చేయకండి. సంఘపెద్దలు దాన్ని కమిటీలో రాసి పెట్టండి. రాయకపోతే జరగదు, మాకు తెలుసు. రెండోది, పొలమనో ఆటో అనో దుకాణమనో పొద్దస్తమానం కష్టపడే మీలో ప్రతివారూ ఇంటికి పోయి, "నీ వంతు ఎప్పుడు పెట్టుకుందాం?" అని అడగండి. జవాబు రాకపోతే ఇంకోసారి అడగండి. 33 ఏళ్ళు ఆగినవాళ్ళు వెంటనే చెప్పరు.

మేము జనవరిలో మళ్ళీ పోతున్నాం, ప్రభువు చిత్తమైతే. గోడ మీద క్యాలెండరు ఇంకా రాలేదు గనుక, అమ్మగారు పాత క్యాలెండరు వెనక ఎర్ర పెన్నుతో రాసి పెట్టారు. ఆ మూడు రోజులూ మా ఫోన్లు పనిచేయవు. ఉపవాస ప్రార్థనలు పెట్టుకోకండి, మేము బాగానే ఉంటాం. పక్షులు వచ్చేలా మంచి వానల కోసం మాత్రం ప్రార్థించండి.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకుంటారని నమ్ముతూ,
మీ అయ్యగారు, అమ్మగారు.