సవర నేర్చుకున్న పంతులుగారు

బదిలీ ఆర్డరు వస్తే మీ ఇళ్లలో లాగే మేమూ సామాన్లు కడతాం. కొత్త ఊళ్లో పుస్తకాలు అవే, పిల్లల ఇంటిమాట మాత్రం వేరు.

అప్పుడు మాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆయన బడిపంతులు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు వాళ్ల మాట రావాలనుకున్నారు, పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. ఆ సభల్లో సవర ఊసెత్తేవారు తక్కువ. అది మాకు వెలితే.

షిల్లాంగులో రెండో తరగతి పాప ఒకతె 'ఖుబ్లెయ్' అని ఖాసీలో దండం పెట్టడం మాకు నేర్పింది. తప్పు పలికినప్పుడల్లా క్లాసంతా నవ్వు. ఆ వారం నుంచే వాళ్లు మమ్మల్ని ప్రశ్నలు అడగసాగారు.