పళ్ళెంలో పంట

రాత్రి పాలు తోడేసి, తెల్లారి గిన్నె కాస్త వంచి చూసుకోవడం మనందరికీ అలవాటే. తోడుకుందా లేదా అన్నదే మనకి కావలసింది గాని, అందులో ఎన్ని సూక్ష్మజీవులు పెరిగాయని ఎవరూ లెక్కపెట్టరు. ఆస్పత్రిలో అలా కుదరదు. రోగి ఒంట్లో చేరిన బేక్టీరియా ఏది, ఎంత ఉంది, ఏ మందుకి లొంగుతుంది? ఈ మూడూ తెలియకుండా మందు రాస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. నేను రోగుల్ని చూసే డాక్టర్ని, లేబరేటరీ నా ఇలాకా కాదు. అయినా అక్కడ లెక్క చూసే పని మనిషి కంటి నుంచి కెమేరా చేతికి పోతున్న తీరు మన పాఠకులకి చెప్పాలనిపించింది.

బేక్టీరియాని గట్టి నేలమీద విడివిడిగా పెంచడం 1881లో రాబర్ట్ కోఖ్ చేసి చూపించాడు. అందుకు వాడిన జెలటిన్ మన ఒంటి వేడికే కరిగి నీరైపోయేది. ఆయన దగ్గర పనిచేస్తున్న డాక్టర్ హెస్సె గారి భార్య ఫానీ, తను వంటింట్లో జెల్లీలకి వాడే అగర్ వేసి చూడమంది. మనం పుడ్డింగులో వేసే చైనా గ్రాసే అది. 1887లో పెట్రి అనే ఆయన మూత ఉన్న గుండ్రటి పళ్ళెం చేశాడు. పళ్ళేనికి ఆయన పేరు నిలిచింది, అగరుకి ఆవిడ పేరు ఎవరూ పెట్టలేదు. ఆ రెండూ ఇవాళ్టికీ ప్రతి లేబులోనూ ఉన్నాయి.

పళ్ళెం మీద ఒక్క బేక్టీరియా పడ్డచోట ఒక్క చుక్క మొలుస్తుంది. దాన్ని కాలనీ అంటారు. ఇ. కోలై లాంటిది అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒకటి పది గంటల్లో నూరు కోట్లు దాటాలి. మూత్రాన్ని మిల్లీలీటరులో వెయ్యోవంతు పట్టే తీగ చుట్టతో పళ్ళెం మీద పూస్తారు. నూరు కాలనీలు మొలిస్తే మిల్లీలీటరుకి లక్ష ఉన్నట్టు. ఈ లక్ష గీతని 1956లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ ప్రచారంలోకి తెచ్చాడు. బాధ ఉన్న రోగి విషయంలో అంతకంటే తక్కువని కూడా కొట్టిపారెయ్యం, అది వేరే సంగతి. నేను కాకినాడలో చదివే రోజుల్లో పళ్ళెం బోర్లించి, వెనకవైపు స్కెచ్ పెన్నుతో ఒక్కో చుక్కకీ గుర్తు పెడుతూ లెక్కపెట్టేవాళ్ళం. ఒకే పళ్ళేన్ని ఇద్దరు లెక్కపెడితే రెండు అంకెలు వచ్చేవి.

ఇప్పుడు ఆ పని కెమేరా ఎలా చేస్తుందో చూడండి. కంప్యూటరుకి ఫోటో అంటే చిన్న చిన్న గళ్ళలో రాసిన అంకెల పట్టిక. నలుపుకి సున్న, తెలుపుకి 255, బూడిదరంగులు ఆ మధ్యలో. ఏ అంకెకి పైన ఉంటే కాలనీ, కింద ఉంటే ఉత్త అగర్ అని ఒక హద్దు గీయాలి. వెలుగు మారినప్పుడల్లా ఆ హద్దూ మారాలి. ఫోటోలోని అంకెల్ని బట్టే హద్దు ఎక్కడుండాలో తేల్చే ఉపాయాన్ని 1979లో జపాను శాస్త్రజ్ఞుడు ఓత్సు ప్రచురించాడు. ఇప్పటికీ అది వాడుకలో ఉంది.

అసలు చిక్కు ఒకదానికొకటి అంటుకుపోయిన కాలనీలతో వస్తుంది. దానికి చేసే లెక్క నాకు మన ఊళ్ళ చెరువుల్ని గుర్తుచేస్తుంది. ప్రతి కాలనీనీ గొయ్యి అనుకుంటారు. అంచు దగ్గర లోతు తక్కువ, నడిమధ్యన ఎక్కువ. గోతుల అడుగుల నుంచి నీళ్ళు ఊరి పైకి వస్తున్నట్టు లెక్కకడతారు. రెండు గోతుల నీళ్ళు కలవబోయే చోట గట్టు వేస్తారు. ఆ గట్టే రెండు కాలనీల మధ్య సరిహద్దు. నిమిషంలో పళ్ళెమంతా అయిపోతుంది. ప్రోటియస్ అనే బేక్టీరియా ముందు మాత్రం ఈ విద్య పారదు. అది చుక్కలుగా నిలవకుండా అలలు అలలుగా పళ్ళెమంతా పాకుతుంది.

నన్ను అడిగితే, కెమేరా గొప్ప అంకె వెయ్యడంలో కాదు, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చూడటంలో ఉంది. పళ్ళెం పెట్టగానే ఒక ఫోటో, తరవాత గంటల తేడాలో మరికొన్ని తీస్తారు. కొత్త ఫోటోలోంచి మొదటిదాన్ని తీసివేస్తే, మొదటినుంచీ ఉన్న బుడగలూ, గీతలూ, ధూళీ రద్దయిపోతాయి. మిగిలేది పెరిగినదే. ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఒక్క ఫోటోలో ఎంత తేరిపార చూసినా తెలియదు.

ఇక మందుల సంగతి. బేక్టీరియాని పళ్ళెమంతా పరిచి, మందు అద్దిన కాగితం బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని వలయం ఏర్పడుతుంది. 1966లో సియాటిల్‌లో బావర్, కర్బీ, మరి ఇద్దరూ దీనికి ఒక క్రమం ఏర్పరిచారు. వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో కెమేరా కొలిచిపెడుతుంది. కాని ఆ మిల్లీమీటర్లకి అర్థం చెప్పాల్సింది మనుషులే. ఇ. కోలై మీద సిప్రోఫ్లాక్ససిన్ వలయం 21 ఉంటే, అమెరికాలో వాడే పాత పట్టిక ప్రకారం మందు పనిచేస్తుంది. 2019లో పట్టిక మార్చారు. ఇప్పుడు అదే 21కి పనిచెయ్యదని అర్థం, 26 ఉంటేనే సరే. ఫోటో మారలేదు, బేక్టీరియా మారలేదు, తీర్పు మారింది.

మరో మెలిక కూడా ఉంది. వలయం లోపల ప్రోటియస్ పల్చటి తెరలా పాకితే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అదే చోట చిన్న చిన్న కాలనీలు విడిగా మొలిస్తే మాత్రం వదలకూడదు, అవి మందుకి లొంగని మొండిఘటాలు కావచ్చు. అందుకే నిపుణులు కరువైన దేశాల లేబుల కోసం సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ వాళ్ళ ఫౌండేషన్ ఉచితంగా ఇచ్చే ఆప్‌లో, ఫోను గీసిన వలయాన్ని టెక్నీషియన్ వేలితో సరిదిద్దే వీలు పెట్టారు. ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. దాని వివరాలు 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చాయి.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటారా? పోయిన చలికాలం ఒక తెలుగువారి తల్లిగారు, డెబ్బై దాటినావిడ, చలిజ్వరంతో, నడుంనొప్పితో వచ్చారు. మూత్రం పరీక్షకి పంపాం. మర్నాటికి పళ్ళెంలో ఏమీ మొలవలేదు. లేబుకి వెళ్ళి గంటగంటకీ తీసిన ఫోటోలన్నీ అడిగి చూశాను. అన్నీ ఒక్కలాగే ఖాళీగా ఉన్నాయి. జ్వరం మాత్రం దిగలేదు. పక్కన కూచుని నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పారు. "ఊరినుంచి తెచ్చుకున్న సిప్రో బిళ్ళలు రెండే రెండు వేసుకున్నానమ్మా, మీరు కోప్పడతారని చెప్పలేదు."

సిప్రో మూత్రంలో బాగా చిక్కబడుతుంది. అక్కడ బేక్టీరియా నోరు నొక్కేసింది గాని కిడ్నీలో దాన్ని చంపలేకపోయింది. కెమేరా అబద్ధం చెప్పలేదు, విత్తనం లేని మడిని చూపించింది. రెండో రోజు మళ్ళీ పంపితే ఇ. కోలై మొలిచింది. సిప్రో వలయం 19. మందు మార్చాం, నాలుగు రోజుల్లో లేచి తిరిగారు.

అమ్మానాన్నల్ని పిలిపించుకునే వాళ్ళందరికీ నా మనవి ఒకటే. వాళ్ళ సూట్‌కేసులో పచ్చళ్ళతోపాటు ఏ మందులున్నాయో ముందే చూడండి. జ్వరం వస్తే పరీక్షకి ఇచ్చాకే బిళ్ళ. ఈలోపే వేసుకుని ఉంటే ఏది, ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకి చెప్పండి, ఎవరూ కోప్పడరు. ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు, మిగిలిన ఎనిమిది బిళ్ళల్నీ పారెయ్యాలా, ఎవరికైనా ఇవ్వచ్చా అని అడిగారు.