జనవరిలో వేసిన కత్తెర

టోక్యో నిషికసాయ్‌లో మా బాల్కనీ కుండీలోని కురుమె అజాలియా ఈ వసంతంలో ఒక్క పువ్వూ పూయలేదు. వీధి కంచెలన్నీ గులాబీ రంగు తిరుగుతుంటే నా కుండీలో ఉత్త ఆకులే. దిగులేసి, ఏప్రిల్ మూడో ఆదివారం నెజు గుడికి బయల్దేరాను. ఓతెమాచిలో రైలు మారితే నెజు స్టేషను, అక్కణ్ణించి కాసేపు నడక.

1706లో కట్టిన షింతో గుడి అది. పక్కనే ఉన్న గుట్ట మీద దాదాపు 100 రకాల అజాలియాలు, సుమారు 3,000 పొదలు. అన్నీ గుండ్రంగా కత్తిరించినవే. సద్దుల బతుకమ్మలన్నీ తెచ్చి ఒక్కచోట దించినట్టుంది. కొన్ని పొదలకు ఆకన్నదే కనబడదు. చాలాసేపు కదల్లేకపోయాను.

రాలిన పూలు ఏరుతున్న తోటమాలికి నా గోడు చెప్పుకున్నాను.

"కొమ్మలు ఎప్పుడు కత్తిరించారు?"

"జనవరిలో."

ఆయన ఒక రెమ్మ వంచి కొస చూపించాడు. "మీరు కోసింది కొమ్మలు కాదు, పువ్వులు."

మా అమ్మ చలికాలంలో మల్లెపొదకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తుంది. వేసవిలో కొత్త చిగుళ్ళకే మల్లె పూస్తుంది కదా. నేనూ అలాగే చేశాను. అజాలియా తీరు వేరు. పూత అయ్యాక వచ్చే చిగుళ్ళ కొసన, ఎండాకాలంలోనే మరుసటి ఏటి మొగ్గ కడుతుంది. అందుకే కత్తెర పని పూలు వాడగానే, జూన్ లోపే ముగించాలి.

గొప్పు తవ్వడం కూడా మానెయ్యమన్నాడు. వేళ్ళు వెంట్రుకల్లా సన్నగా, పైపైనే ఉంటాయి. మొదలు చుట్టూ పైన్ ఆకులు పరిస్తే చాలు. కురుమె రకాల పూర్వీకులు క్యూషూ దీవిలోని అగ్నిపర్వతాల వాలుల్లో పెరిగే మొక్కలు. పులుపు మట్టే వాటికి పడుతుంది. మన పెరట్లో వేసినట్టు బూడిద, గుడ్డు పెంకులు వేస్తే ఆ పులుపు విరిగి ఆకు పాలిపోతుంది. నేను రెండూ వేశాను.

తిరిగొస్తూ అజాలియాకు పడే కనుమ మట్టి ఒక సంచి కొన్నాను. మన పండగ పేరే, కాని అది తొచిగి ప్రాంతంలోని ఊరు. అక్కడ దొరికే తేలికైన అగ్నిపర్వతపు రాతి గుళికలివి. పూలు లేని మొక్కే గనక ఆ సాయంత్రమే కుండీ మార్చి నీళ్ళు పోశాను. పాలిపోయినట్టున్న గుళికలు తడిసి తేనె రంగుకు తిరిగాయి. మళ్ళీ తెల్లబడ్డప్పుడే నీళ్ళు పొయ్యాలట.