ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎప్పుడో ఒకసారి

ఇది మేం ముగ్గురం కలిసి రాస్తున్న పోస్టు. ఇద్దరం నాగాయలంక వైపు యానాదులం, ఒకరిది గుడివాడ దగ్గర ఎరుకల కుటుంబం. మచిలీపట్నంలో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదువుతున్నాం.

పోయిన నెల మాలో ఒకమ్మాయి విజయవాడలో ఇంటర్వ్యూకి వెళ్లింది. మీరు డ్యూటీకి లేటుగా వస్తారా అని ఇంగ్లీషులో అడిగారంట. దీని మనసులో ఉన్న మాట "నేనెప్పుడూ లేటుగా రాను" అని. దాన్నే మాటకి మాట తిప్పి "ఐ డోంట్ ఆల్వేస్ కమ్ లేట్" అనేసింది. అవతలాయన నవ్వి ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాట వల్లే పోయిందని మేం అనం. కానీ ఆ నవ్వు ఎందుకో తెలిసేసరికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆయనకి అర్థమైంది "రోజూ లేటుగా రాను, అప్పుడప్పుడు వస్తా" అని!

మన తెలుగులో "ఎప్పుడూ" రెండు పనులు చేస్తుంది. "ఎప్పుడూ వస్తాడు" అంటే ఆల్వేస్. "ఎప్పుడూ రాడు" అంటే నెవర్. తేడా అంతా చివరనున్న క్రియలో ఉంది. ఇంగ్లీషువాళ్లు క్రియ దాకా ఆగరు, ముందే తేల్చేస్తారు. నెవర్ లోనే "కాదు" ఉంది కాబట్టి మళ్లీ డోంట్ పెట్టకూడదు. రేర్లీ కూడా అంతే. ఐ నెవర్ కమ్ లేట్, ఐ యామ్ నెవర్ లేట్. మామూలు క్రియకైతే ముందు, యామ్, ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాత. మిగతావన్నీ ఇదే దారి.

పుస్తకంలో వీటిని నూరు శాతం, యాభై శాతం అని గీత గీసి చూపిస్తారు. మాకది ఎక్కలేదు. సముద్రం పోటుతో నేర్చుకుంటే ఎక్కింది. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇలా లెక్క తెలిసినదానికి ఆఫెన్ అనక్కర్లేదు, ట్వైస్ ఎ డే అని వాక్యం చివర పెడితే చాలు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అక్కడ ఆల్వేస్. మడ అడవిలో పీతల వేటకెళ్తే ఒక్కోరోజు బుట్ట నిండుతుంది, అది సమ్‌టైమ్స్. ఉప్పెనకి ఏం వాడాలో మాత్రం తేలలేదు. 1977 నవంబర్ 19 నాటిది మా నాయనమ్మ చూసింది. లెక్క ప్రకారం రేర్లీ. కానీ ఆవిడ ఇప్పటికీ కార్తీకంలో గాలి మారితే నిద్రపోదు, మరి ఆ భయానికి ఆల్వేసే కదా.

ఇంకో మాట. చిన్నప్పుడు మా బడి రికార్డుల్లో "ఆఫెన్ ఆబ్సెంట్" అని రాసేవారు. అబద్ధమేం కాదు. కోతలప్పుడు, అమ్మానాన్న రొయ్యల చెరువుల కాపలాకి వెళ్లినప్పుడు వాళ్లతో మేమూ వెళ్లేవాళ్లం. మిగతా నెలలన్నీ బడిలోనే ఉన్నాం. ఏ నెలల్లో రాలేదు అని ఎవరూ అడగలేదు. ఆఫెన్ అనే మాటలో నెలలు కనపడవు. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు లెక్క చెప్పడం నేర్చుకుంటున్నాం: ట్వైస్ ఎ మంత్, వన్స్ ఎ ఇయర్.

మా అమ్మాయికి వచ్చే వారం గుడివాడలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. మొన్న ఇంటికెళ్లినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని "ఐ నెవర్ కమ్ లేట్, ఐ నెవర్ కమ్ లేట్" అని వల్లెవేస్తుంటే వాళ్లమ్మ అడిగింది.

"నెవరంటే ఏంటే?"

"ఎప్పుడూ అనమ్మా."

"ఎప్పుడూ... ఏంటి? వస్తావా, రావా?"