ఎండబెట్టిన దీపాలు

నేలలో గుచ్చే చిన్న సోలార్ లైటుకు వేరే కన్నంటూ ఉండదు. నెత్తిన ఉన్న ప్యానెలే దానికి కన్ను. పగలంతా ఎండను కరెంటు చేసి లోపలి బ్యాటరీకి పంపుతుంది. ఆ రాక ఆగగానే పొద్దుగూకిందని గ్రహించి ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. వీధిదీపం కింద పాతామా, అది వెలగదు. దాని లెక్కలో ఇంకా పగలే.

కోనసీమలో మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. అమ్మ ఒక్కతే ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి పురుగూ పుట్రా తొక్కుతుందేమోనన్న భయంతో గేటు నుంచి వీధి గుమ్మం దాకా దారికి రెండు పక్కలా అలాంటి లైట్లు గుచ్చి వచ్చాను. బిల్లు రాదు, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు, వాటంతట అవే వెలుగుతాయి, అవే ఆరిపోతాయి అని అమ్మకు గొప్పగా చెప్పాను కూడా.

సంక్రాంతికి వెళ్లేసరికి దారిలో ఒక్కటీ లేదు. అన్నీ డాబా మీద, మినప వడియాల పక్కన, ఇసుక పోసిన పాత డబ్బాలో గుచ్చి ఉన్నాయి. “చెట్ల నీడలో వాటికి ఎండేదిరా? ఎనిమిదింటికల్లా కళ్లు తేలేస్తున్నాయి” అంది.

ఆవిడ చూపు సరైనదే. ప్యానెల్‌లో సెల్స్ ఒకదానికొకటి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఓ మూలన మట్ట నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేసిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ ఎండలో దాదాపు 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ఇప్పుడు ఇళ్ల మీద బిగించే మంచి ప్యానెళ్లు 20 శాతం దాటాయి. కొబ్బరి మట్ట దగ్గర మాత్రం రెండూ ఒకటే.

పొద్దువాలాక అమ్మ వాటిని కిందికి తెచ్చింది. తడి చేసిన కొంగుతో ప్యానెళ్ల మీది దుమ్ము తుడిచింది. బోరింగు దగ్గర ఒకటి, అంచు విరిగిన పెరటి మెట్టు పక్కన ఒకటి, పాక గుమ్మంలో ఒకటి గుచ్చింది. ఇంకొకటి చేత్తో పట్టుకుని గేదెకు గడ్డి వెయ్యడానికి వెళ్లింది. గేటు దగ్గర పెట్టలేదేమని అడిగాను. “గేటుకి రాత్రిపూట పనేముంటుందిరా?”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పని తప్పించడానికి కొన్న వస్తువు ఆవిడకు రోజూ ఓ పని పెట్టింది. మోకాళ్ల నొప్పితో డాబా మెట్లెక్కి దిగుతుంటే చూసి మురిసిపోవడం కొడుకుగా నాకు తగునా? ప్యానెల్ విడిగా వచ్చే రకం ఉంది, దాన్ని డాబా మీద బిగించి వైరు కిందికి దించుతానన్నాను. “వైరుకి కట్టేసిన దీపం నాతో పాకలోకి వస్తుందా?” అంది. నా దగ్గర జవాబు లేదు. మెట్ల సంగతి మటుకు ఇప్పటికీ తేలలేదు.

ఇంటి బయట దీపం అనగానే మనకు ముందు తోచేవి గేటూ ప్రహరీ, అంటే ఊరికి మన ఇల్లు కనబడే వైపు. ఆ ఇంట్లో మసిలే మనిషి చీకట్లో ఎటు నడుస్తుంది, ఎక్కడ ఆగి పాదంతో తడుముకుంటుంది అన్నది లైట్లు కొనేవాళ్లకు అంతగా తట్టదేమో. అమ్మ ఆ లైట్లను లాంతర్లలా వాడుకుంది. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ సగమే నిండుతుంది. అప్పుడు ఒక్కటే వెలిగించి, మిగతావి మీట నొక్కి ఆపేసి తెల్లవారుజాము పనికి దాచుకుంటుందట. వెలుగును అలా పొదుపు చెయ్యాల్సిన అవసరం మనలో చాలామందికి తప్పిపోయి చాలాకాలమైంది. అది అదృష్టమే, కాదనను. ఏ పనికి ఎంత వెలుతురు చాలునో ఆవిడ చెప్పగలదు, నేను చెప్పలేను.

ఈసారి వెళ్లేటప్పుడు 1.2 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీలు పట్టుకెళ్లాలి. రెండు లైట్లు మందగించాయని ఫోన్‌లో చెప్పింది. అందులో ఒకటి ఎదురింటి పిన్నిగారి దగ్గర ఉందట. ఎప్పుడిచ్చావని అడిగితే, “తెచ్చిన వారానికే” అంది.