పిట్టలకు పురుడు

పిట్టలను పెంచడం వేరు, పిట్టలు పిల్లలను పెంచుతుంటే చూస్తూ ఊరుకోవడం వేరు. మొదటిదానికి గింజలు, నీళ్ళు, కాస్త ఓపిక చాలు. రెండవదానికి ఎంత నిగ్రహం కావాలో 2023 అధిక శ్రావణంలో గాని మా ఇంట్లో ఎవరికీ తెలిసిరాలేదు.

మన వైపు 'లవ్‌బర్డ్స్' అని పంజరాలలో అమ్మే చిన్న పిట్టలు నిజానికి లవ్‌బర్డ్స్ కావు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికా ఖండానివి. మనం చూసేవి బడ్జరిగార్లు, ముద్దుగా బడ్జీలు. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అడవిలో పుట్టే బడ్జీ ఆకుపచ్చ, పసుపు రంగుల కలయిక. ఈ నీలాలూ తెలుపులూ అన్నీ ఆ తరువాత మనుషుల పంజరాలలో పుట్టి స్థిరపడిన రంగులే.

ఈ కథంతా చెప్పి మా అమ్మను ఒప్పించాలని చూశాను. ఆవిడ ఒక్క మాటతో కొట్టిపారేసింది. "ఏ దేశపుదైతేనేం రా, రెక్కలున్నదాన్ని కట్టిపెట్టడం పాపమే." రామచిలుకను పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమనీ, ఇవి మన అడవి పక్షులు కావు గనుక ఆ నిషేధం వీటికి లేదనీ వివరించాను. చట్టం సంగతి ఆవిడ అడగలేదు. వదిలిపెడితే ఎగిరిపోతాయి కదా అని మాత్రం అడిగింది. ఎగిరిపోతాయి, నిజమే. కాని తరతరాలుగా పళ్ళెంలో గింజలు తిన్న పిట్ట హైదరాబాదు ఆకాశంలో కాకులకూ గద్దలకూ ఎంతసేపు దొరక్కుండా ఉంటుంది? "అయితే ఇక కొనకు" అంది అమ్మ. అప్పటికే ఇంట్లో ఉన్న రెంటినీ మాత్రం రోజూ పలకరించేది.

ఆ రెండూ మా అమ్మాయి పుట్టినరోజుకు వచ్చిన కానుక. ముక్కు పైని మెత్తటి భాగం నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో ఉంటే ఆడది. పచ్చగా ఉన్న మగదానికి పచ్చయ్య అనీ, నీలంగా ఉన్న ఆడదానికి నీలవేణి అనీ మా అమ్మాయే నామకరణం చేసింది. రెండేళ్ళు హాయిగా ఉన్నాయి. ముక్కూ ముక్కూ రాసుకునేవి, ఒకదాని మెడ మరొకటి దువ్వేది. గుడ్ల ఊసు మాత్రం లేదు.

కారణం తెలుసుకుంటే ముచ్చటేసింది. ఆస్ట్రేలియా నడిబొడ్డున వానలు ఎప్పుడు పడతాయో చెప్పలేము. బడ్జీలు గుంపులు గుంపులుగా నీళ్ళనూ గడ్డిగింజలనూ వెతుక్కుంటూ తిరుగుతాయి. వాన కురిసి గడ్డి పండితే, చెట్టు తొర్ర దొరికితే, అప్పుడు గుడ్లు పెడతాయి. మేత సమృద్ధిగా ఉండటం, చీకటి తొర్ర కనబడటం, ఈ రెండూ వాటికి కబురు వంటివి. మేత మా ఇంట్లో ఎప్పుడూ ఉంది. తొర్ర లేదు.

అందరం ఆలోచించుకుని తొర్ర కట్టాము. పక్కన రెండంగుళాల రంధ్రం చేసిన చిన్న మట్టికుండ తెచ్చాను. అడుగున వడ్రంగి చిత్రిక పట్టగా రాలిన పొట్టు పరిచాను. నున్నటి అడుగు మీద పిల్లల కాళ్ళు నిలవక పక్కలకు జారిపోతాయి, అలాగే ఎముక గట్టిపడితే ఇక నిలబడలేవు. కొర్రలు, సామలతో పాటు ఉడికించిన గుడ్డు, కొత్తిమీర, మునగాకు పెట్టడం మొదలుపెట్టాము. మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు ముక్క ఒకటి తీగతో కట్టాను. అది నురుగు కాదు, కటిల్ చేప లోపలి గుల్ల, అంతా సున్నమే. సున్నం చాలకపోతే గుడ్డు పెంకు గట్టిపడదు, కడుపులోనే అడ్డం పడి తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. "చూలింతకు పథ్యం అన్నమాట" అని అమ్మ తేల్చేసింది. ఆ రోజు నుంచి మునగాకు కోసి తెచ్చే పని ఆవిడదే.

ఆగస్టు 11న మొదటి గుడ్డు. తరువాత రోజు విడిచి రోజు, 19వ తేదీకి అయిదు. నీలవేణి కుండ దాటి రావడం మానేసింది. పొదగడం పూర్తిగా ఆడదాని పనే. పచ్చయ్య గింజలు మింగి, మెత్తబడ్డాక కుండ ముఖద్వారం దగ్గర తల ఆడిస్తూ పైకి తెచ్చి ఆమె నోటికి అందించేవాడు. పగలంతా అదే ఉద్యోగం. రోజుకు రెండు మూడు సార్లు మాత్రం ఆమె బయటికి వచ్చి రెక్కలు విదిల్చుకుని వెళ్ళేది. మా చూపులన్నీ ఆ రెండు నిమిషాలలోనే. మిగిలిన వేళల్లో ఎవరైనా కుండ వైపు మెడ చాపితే అమ్మ కసిరేది. "పచ్చి బాలింత గదిలోకి ఊరికే తొంగిచూస్తారుటరా?"

పొదుగు మొదలైన వారం తరువాత టార్చి వెలుగుకు పట్టి చూస్తే నాలుగు గుడ్లలో సాలెగూడు వంటి ఎర్రటి నరాలు కనిపించాయి. మూడవది మాత్రం ఖాళీ. పద్దెనిమిది రోజుల లెక్క తప్పలేదు. 29న ఒకటి, 31న ఒకటి, సెప్టెంబరు 4న, 6న తక్కినవి వచ్చాయి. పుట్టిన పిల్ల బరువు రెండు గ్రాములుంటుంది, అంతే. కళ్ళుండవు, ఈకలుండవు. గులాబిరంగు చర్మం కింద పేగులు కనబడుతుంటాయి. మా ఆవిడ చూసి "దీనిని పిట్ట అని ఎవరు నమ్ముతారు!" అంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గుడ్లు ఒక్కసారిగా కాక వరసగా పొదగబడతాయి గనుక కడపటిది పుట్టేనాటికి పెద్దదానికి ఎనిమిది రోజులు. ఏనుగు పక్కన ఎలుకపిల్ల. నాలుగవది అన్నల కాళ్ళ కింద ఎక్కడో నలుగుతూ ఉండేది. మా అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుంది, దానిని బయటికి తీసి మనమే పెంచుదామంది. పక్షులను చూసే వైద్యుడిని అడిగాను. గొంతు కింద మేతసంచి పారదర్శకంగా ఉంటుంది, అందులో తెల్లగా మేత కనబడుతున్నంతవరకు చెయ్యి పెట్టవద్దు అన్నారాయన. అంత చిన్న ప్రాణికి మనం పోసే చుక్క ఊపిరితిత్తులలోకి పోతే నిమిషాలలో అయిపోతుందట.

అప్పటినుంచి ఉదయం సాయంత్రం మా పని ఆ సంచి చూడటమే. నిండుగా ఉంటే కాఫీ రుచించేది, కాస్త వడలితే రుచించేది కాదు. రెండవ రోజు సాయంత్రం దాదాపు ఖాళీగా కనిపించింది. అరగంట తరువాత మళ్ళీ చూద్దామని అందరం గడియారం ముందు కూర్చున్నాము. అరగంట తరువాత అది నిండి ఉంది! నీలవేణి తక్కిన మూడింటి గోల పట్టించుకోక, చిన్నదానిని వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తున్నదని మెల్లగా అర్థమైంది. మూడవ వారం నుంచి పచ్చయ్య కూడా పిల్లలకు స్వయంగా మేత పెట్టసాగాడు. ఆయన పద్ధతి వేరు. ఎవరు ముందుకు వచ్చి గట్టిగా అరిస్తే వారికే. తల్లి బలహీనతను వెతుక్కుంటూ వెళ్ళేది, తండ్రి పిలుపును విని వెళ్ళేవాడు.

సెప్టెంబరు నెలాఖరుకు ఈకలు నిండుగా వచ్చాయి. అక్టోబరు 1న పెద్దది కుండలోంచి దూకి, ఎదురుగా ఉన్న కర్ర మీద నిలబడలేక వేలాడి, చివరకు కింద పడి నిబ్బరంగా నిలబడింది. రెండు రోజులకు రెండవదీ వచ్చింది. కష్టకాలం గడిచిందనుకున్నాము.

4వ తేదీ ఉదయం చిన్నదాని మెడ మీద ఈకలు లేవు. నెత్తురు చార కనబడింది. కాసేపు కదలకుండా నిలబడి చూస్తే, పొడుస్తున్నది నీలవేణి! ఏ తల్లి పెద్దవాటిని కాదని దానికి ముద్ద పెట్టిందో, ఆ తల్లే. మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. అమ్మ మాత్రం తొణకలేదు. "దాన్ని తిట్టకండి. మళ్ళీ గుడ్డు పడివుంటుంది. ఇల్లు ఖాళీ చేయిస్తోంది" అంది. వైద్యుడు చెప్పినదీ అదే. మేత ఉంది, తొర్ర ఉంది, ఇంకా వానాకాలమేనని దాని శరీరం అనుకుంటోంది. ఆస్ట్రేలియాలో అయితే గడ్డి ఎండిపోయి అదే చెబుతుంది, ఇక చాలు అని. మా బాల్కనీలో గడ్డి ఎండదు.

నీలవేణిని వేరే పంజరంలోకి మార్చి, పిల్లలకు వినబడేంత దూరంలో పెట్టాము. అరిచేవాళ్ళకే పెట్టే తండ్రి, అరవలేని ఈ పిల్లను పట్టించుకుంటాడా అన్నదే మా భయం. తొలిపూట పట్టించుకోలేదు. చిన్నది కుండలోనే ముడుచుకుని ఉంది. మధ్యాహ్నం దాటాక ఆకలికి తట్టుకోలేక ద్వారం దగ్గరకు వచ్చి, జన్మలో మొదటిసారి గట్టిగా కూసింది. పచ్చయ్య కర్ర దిగి వచ్చాడు. ఆ పూట మా ఇంట్లో అందరికీ అన్నం సయించింది. 11న అదీ కుండ విడిచింది. మరో పది రోజులకు తనంతట తాను గింజ ఒలుచుకుంది.

నీలవేణి ఒంటరి పంజరంలో, నేల మీద ఒక గుడ్డు పెట్టి, తొర్ర లేదు గనుక అంతటితో ఆగిపోయింది. ఆ గుడ్డును అమ్మ మల్లెకుండీలో పూడ్చింది. నీళ్ళు పోస్తూ నాతో అన్నది ఇది. "వాన కురిపించింది మీరే కదరా. ఆపవలసింది కూడా మీరే."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పంజరం మంచిదా చెడ్డదా అన్న వాదులాటలో అమ్మా నేనూ ఎప్పటికీ కలవము. కాని పంజరం కట్టినవాడు తిండీ నీళ్ళకే కాదు, ఋతువులకూ బాధ్యుడు అన్న సంగతి ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు. అడవిలో ఎన్ని పిల్లలు పుట్టాలో కరవు నిర్ణయిస్తుంది. ఇక్కడ నిర్ణయించవలసింది మనమే. ఆ పనిని పిట్ట ముచ్చట మీద వదిలేస్తే, తల్లి ఒట్టిపోయేదాకా పెడుతూనే ఉంటుంది.

కుండ అటకెక్కింది. 2024 సంక్రాంతి తరువాత, ముక్కు రంగు తేలాక, మగపిల్లలు రెంటినీ కలిపి మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఇచ్చాము. డబ్బు తీసుకోలేదు, గూడు పెట్టనని మాట తీసుకున్నాము. నీలవేణి ఇప్పుడు అందరితో కలిసే ఉంది. కుండ లేదు గనుక కోపమూ లేదు. చిన్నదాని మెడ దువ్వుతుంటే చూసి మొదట్లో ఆశ్చర్యపోయేవాళ్ళము, ఇప్పుడు అలవాటైంది.

మీలో ఎవరికైనా మీ జంట చేత గుడ్లు పెట్టించాలనే ముచ్చట ఉంటే కాదనను. పుట్టబోయే వాటికి ఇళ్ళు ముందే వెతికిపెట్టుకోండి. తల్లిని వేరు చేయవలసివస్తే రెండవ పంజరం సిద్ధంగా ఉంచుకోండి. పక్షులను చూసే వైద్యుడు ఊళ్ళో ఎక్కడున్నాడో కనుక్కోండి. కుండ కట్టడం ఆ తరువాతి సంగతి.